ఎండాకాలంలో ఇంట్లో తంబాకును, నశ్యాన్ని పాడవకుండా దాచుకోవడం ఎలా?

ఓరుగల్లువాసి (హన్మకొండ), మే 9
అందరికీ నమస్కారం. మా అమ్మకు డెబ్బై మూడేండ్లు. ఆకు తంబాకు నమలడం, మధ్యాహ్నం భోజనమయ్యాక చిటికెడు నశ్యం పీల్చడం ఆమెకు నలభై ఏండ్ల అలవాటు. మానిపించాలని మేము పడ్డ పాట్లు ఒక ఎత్తు, ఆమె పట్టుదల ఒక ఎత్తు. అందుకే ఆ వాదన కాసేపు పక్కన పెట్టి, నిల్వ సంగతి చెప్పమని పెద్దలను కోరుతున్నాను. మోకాళ్ల నొప్పుల వల్ల ఆమె బజారుకు పోలేదు కనుక నెలకు సరిపడా తంబాకు, రెండు డబ్బీల నశ్యం నేనే ఒక్కసారి వరంగల్ చౌరస్తా వైపు వెళ్లినప్పుడు తెచ్చి పెడుతున్నాను. ఆమె ఉండేది మేడ మీది రేకుల గది. ఈ ఎండలకు వారం తిరగకముందే ఆకు చేత్తో ముట్టుకుంటే చాలు, పొడి పొడిగా రాలిపోతోంది. నిరుడు వానాకాలంలో ఇదే డబ్బాలో తెల్లటి బూజు పట్టి, ముక్కవాసన కొట్టి, సగం సరుకు పారబోయవలసి వచ్చింది. నా భార్య ఫ్రిజ్‌లో పెట్టి చూసింది. తంబాకు బాగానే ఉంది కానీ పెరుగు గిన్నె తెరిస్తే తంబాకు వాసన వచ్చింది. డబ్బా అల్యూమినియంది, అందులోనే సున్నం డబ్బీ కూడా ఉంటుంది. నేను ఎక్కడ పొరపాటు చేస్తున్నానో చెప్పగలరా?

నర్సంపేట కోడలు, మే 9
మా అత్తమ్మ పోయేదాకా ఈ సేవ నేనే చేశాను కనుక అనుభవంతో చెబుతున్నాను. మొదటి పొరపాటు మొత్తం సరుకును ఒకే డబ్బాలో పెట్టడం. రోజుకు ఆరుసార్లు మూత తీస్తే ఆరుసార్లు లోపలి గాలి మారుతుంది. మా ఇంట్లో పాతకాలపు గుడ్డ చంచి ఒకటి ఉండేది, వక్కలకు ఒక అర, ఆకులకు ఒక అర, తంబాకుకు ఒక అర, లాగి ముడి వేసే తాడు. చంచి అనేది ఒక పూటకో, ఒక రోజుకో సరిపడా పట్టుకు తిరగడానికే తప్ప నిల్వకు కాదని మా అత్తమ్మే చెప్పేది. నిల్వ సరుకు పాత హార్లిక్స్ గాజు సీసాలో, మూత కింద పలుచని ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి ఉండేది. వారానికి ఒకసారి మాత్రమే దానిని తెరిచి, వారం సరుకును చిన్న స్టీలు డబ్బీలోకి మార్చేవాళ్లం.

ఆకు ఎండిపోతే నీళ్లు చిలకరించకండి. పైన తడి, లోపల పొడి అయి, చిలకరించిన చోటనే మొదట మచ్చలు వస్తాయి. తడిపి గట్టిగా పిండిన గుడ్డ ముక్కను మూతకు లోపలి వైపు, ఆకుకు తగలకుండా కట్టి, రాత్రంతా ఉంచి తెల్లారి తీసేయండి. మేము కొన్నిసార్లు సగం తమలపాకును కూడా సీసాలో వేసేవాళ్లం, మంచి వాసన కూడా పట్టేది.

రసాయనం మాస్టారు (కాజీపేట), మే 10
కోడలు గారు చెప్పిన రెండు సీసాల పద్ధతిని పూర్తిగా సమర్థిస్తాను, తమలపాకు సంగతిని మాత్రం కాదు. పచ్చి ఆకు, ఆపిల్ ముక్క, ఆలుగడ్డ ముక్క, ఏది వేసినా అది తేమతో పాటు తన మీది బూజు బీజాలను, తనలోని చక్కెరను కూడా తెచ్చి సీసాలో పెడుతుంది. రెండు రోజుల్లో ఆ ముక్కే ముందు బూజు పడుతుంది, దాని నుంచి తంబాకుకు అంటుకుంటుంది.

అసలు విషయం ఏమిటంటే, ఎండిన పొగాకు చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూనే ఉంటుంది. గాలిలో సాపేక్ష తేమ (ఆ వేడి దగ్గర గాలి పట్టగలిగే తేమలో ఎంత శాతం ఉందో చెప్పే లెక్క) 60 నుంచి 65 శాతం ఉన్నచోట ఆకులో తేమ ఇంచుమించు 12 నుంచి 14 శాతం దగ్గర నిలబడుతుంది. ఆ స్థితిలో ఆకు ఈనెను వేలికి చుట్టితే విరగకుండా వంగుతుంది, అయినా చేతికి చెమ్మ అంటదు. మన దగ్గర మే నెల మధ్యాహ్నాల్లో గాలి తేమ 30 శాతం కంటే కిందికి పడిపోతుంది, అందుకే మీ ఆకు పొడి అవుతోంది. అదే జూలై, ఆగస్టు ఉదయాల్లో 80 దాటుతుంది. 70 దాటిన చోట ఎక్కువ కాలం ఉంచితే బూజుకు అవకాశం ఇచ్చినట్టే. ఒకే డబ్బా రెండు కాలాల్లో రెండు రకాలుగా ప్రవర్తించడానికి కారణం ఇదే. డబ్బా మూత గాలిని ఆపడం లేదు.

తేమను కొలిచే చిన్న డిజిటల్ పరికరాలు ఇప్పుడు మూడు నాలుగు వందలకే దొరుకుతున్నాయి. కొన్నవి అన్నీ సరిగ్గా చూపిస్తాయని నమ్మకండి, ముందు పరీక్షించండి. ఒక సీసా మూతలో చెంచాడు ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు మాత్రమే నీటి చుక్కలు వేసి, ఆ మూతను, పరికరాన్ని ఒకే గట్టి డబ్బాలో ఒక రాత్రి మూసి ఉంచండి. తెల్లారి అది 75 చూపించాలి. 71 చూపిస్తే మీ పరికరం నాలుగు తక్కువ చూపిస్తోందని లెక్క. తడి ఉప్పు మీది గాలి తేమ 75 దగ్గర స్థిరంగా ఉంటుంది. నలభై ఏండ్లు పిల్లలకు చెప్పిన పాఠం ఇట్లా పనికి వస్తుందని అనుకోలేదు.

ఇక సున్నం. తంబాకు ఉన్న డబ్బాలో సున్నం పెట్టడం మీ ఇంట్లో జరుగుతున్న అతి పెద్ద పొరపాటు. తడి సున్నం అల్యూమినియాన్ని తింటుంది, డబ్బా అడుగున నల్లటి, బూడిద రంగు మచ్చలు చూసే ఉంటారు. సున్నం క్షారం తంబాకుకు తగిలితే అందులోని నికోటిన్ విడిపడి ఆవిరయ్యే రూపంలోకి మారుతుంది. అలా కొంత గాలిలో కలిసిపోయి సరుకు చప్పబడుతుంది, మిగిలినది నోట్లో మరింత వేగంగా ఎక్కుతుంది. అమ్మోనియా లాంటి ఘాటు వాసన వస్తే కారణం అదే. సున్నాన్ని వేరే ప్లాస్టిక్ లేదా గాజు డబ్బీలో, పైన పలుచని నీటి పొరతో ఉంచండి, లేకపోతే గాలి తగిలి గట్టిపడి సుద్దలా మారుతుంది. ఇత్తడి డబ్బీలు అందంగా ఉంటాయి కానీ చిలుము పట్టేవి, నోట్లో వేసుకునే వస్తువులకు వద్దు.

పసుపు మండీ (నిజామాబాద్), మే 11
మాస్టారు గారు తేమ గురించి చెప్పారు కానీ పురుగు మాట ఎత్తలేదు. మాది పసుపు వ్యాపారం కనుక ఈ పురుగుతో మాకు తరతరాల పరిచయం. పసుపు కొమ్ములకు గుండుసూది దూరేంత గుండ్రటి రంధ్రాలు చేసి, లోపల పిండి చేసే ఆ పురుగే తంబాకును కూడా తింటుంది. పొగాకు పేరుతోనే దానిని పిలుస్తారు. ఎండు మిర్చిని, శొంఠిని, ధనియాలను కూడా వదలదు. పెద్ద పురుగు రెండు మూడు మిల్లీమీటర్లు, ఎర్రటి గోధుమ రంగు, తల కిందికి వంచినట్టు కనిపిస్తుంది. సాయంత్రం పూట ఎగురుతుంది. నష్టం చేసేది మాత్రం లోపల ఉన్న తెల్లటి, నూగు ఉన్న పిల్ల పురుగు. వెచ్చగా, కొంచెం తేమగా ఉన్న చోట గుడ్డు నుంచి పెద్ద పురుగు కావడానికి ఇంచుమించు నెల చాలు. అంటే మీరు నెలకు సరిపడా తెచ్చి ఉంచిన సరుకులో దుకాణం నుంచి వచ్చిన గుడ్డు మీ ఇంట్లోనే పెరిగి పెద్దదయ్యే అవకాశం ఉంది. నికోటిన్‌తో పురుగు మందులు చేసిన కాలం ఉంది, అయినా ఈ పురుగుకు అది పెద్ద అడ్డంకి కాదు. దాని కడుపులో ఉండే ఒక రకం ఈస్ట్ విషాలను విరగ్గొట్టడంలో దానికి తోడ్పడుతుంది.

గోదాములో మేము ఏం చేస్తామో మీరు ఇంట్లో చేయవద్దు. ముఖ్యంగా గోదాముల్లో పురుగుకు వాడే ఫాస్ఫైడ్ మాత్రలు ఇంట్లోకి తేరాదు. దాని నుంచి వచ్చే గాలి ప్రాణాంతకం. డాంబర్ గోళీలు కూడా వద్దు, ఆ వాసన తంబాకుకు పడితే ఇక పోదు. మీకు సులభమైన మార్గం ఏమిటంటే, తెచ్చిన వెంటనే సరుకును గాలి చొరని సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచడం. గుడ్డుతో సహా అన్నీ చస్తాయి. మామూలు ఫ్రిజ్‌లో పెరుగుదల ఆగుతుంది కానీ అన్నీ చావవు. మీ వంటింట్లో ఎండు మిర్చి, పసుపు ఉన్న అరలోనే తంబాకు పెట్టవద్దని చెప్పడం మరచిపోతున్నాను. ఒకదానిలో మొదలైతే రెండోదానికి నడిచి పోతుంది.

ఓరుగల్లువాసి, మే 11
మాస్టారు గారూ, మండీ గారూ, ధన్యవాదాలు. డబ్బా అడుగు చూశాను. మీరు చెప్పినట్టు సున్నం పెట్టిన చోట మసిలాంటి వలయం ఉంది. పురుగు మాత్రం కనిపించలేదు. ఫ్రిజ్ సంగతి ఇంకా తేలలేదు. పెట్టాలా వద్దా?

జనగామ అబ్బాయి (ప్రస్తుతం స్టాక్‌హోం), మే 12
నేను ఉన్న దేశంలో స్నూస్ అని ఒకటి ఉంది. తడి పొగాకును చిన్న పొట్లాలుగా చేసి పై పెదవి కింద పెట్టుకుంటారు. స్వీడన్ యూరోపియన్ యూనియన్‌లో 1995లో చేరినప్పుడు ఈ ఒక్క వస్తువు విషయంలో మినహాయింపు తీసుకుంది, మిగతా సభ్య దేశాల్లో దాని అమ్మకం నిషేధం. ఇక్కడి దుకాణాల్లో దానిని చల్లటి అల్మారాలో పెడతారు, ఇంట్లో కూడా ఫ్రిజ్‌లోనో, చాలా రోజులకైతే ఫ్రీజర్‌లోనో ఉంచుకోవడం మామూలు. పులియబెట్టకుండా వేడి చేసి తయారు చేసినా అంత జాగ్రత్త తీసుకుంటారు, ఎందుకంటే అది బాగా తడి సరుకు. మన ఆకు తంబాకు పొడి సరుకు, దానికి ఫ్రిజ్ అవసరం అంతగా ఉండదు. తడిగా ఉన్న ఖైనీ లాంటి పొట్లాలు, ఒకసారి విప్పినవి అయితే మాత్రం చల్లటి చోటే మంచిది.

రసాయనం మాస్టారు, మే 12
అబ్బాయి చెప్పినది సరైనదే. ఫ్రిజ్‌లో పెట్టదలిస్తే రెండు నియమాలు. ఒకటి, గాజు సీసా, దాని మీద మరో గట్టి డబ్బా, ఎందుకంటే వాసన రెండు వైపులా ప్రయాణిస్తుంది. మీ పెరుగు తంబాకు వాసన పీల్చిందని మీరు బాధపడుతున్నారు, తంబాకు కూడా మీ చేపల పులుసు వాసన పీల్చి ఉంటుంది, అమ్మగారు అడగలేదంతే. రెండోది, బయటికి తీసిన సీసాను వెంటనే తెరవరాదు. మన ఇళ్లలో వేసవి వెచ్చదనానికి, చల్లటి సీసాకు మధ్య తేడా వల్ల తెరిచిన మరుక్షణం ఆకు మీద మంచు బిందువుల్లా నీరు చేరుతుంది. గంట రెండు గంటలు బయట ఉంచి గది వేడికి వచ్చాక తెరవండి. రోజూ తీసి పెట్టే డబ్బీని ఫ్రిజ్‌లో పెట్టడం వృథా అని ఇందుకే అంటాను.

ఫ్రిజ్ లేని కాలంలో మా నాయనమ్మ ఏం చేసేదో చెబుతాను. రంజన్ (తాగే నీళ్ల మట్టికుండ) పెట్టిన గది మూలలో, నీళ్లు కారే ఇసుకకు కొంచెం ఎడంగా, ఇటుక మీద జాడీ పెట్టేది. రంజన్ చుట్టూ గాలి కొంచెం చల్లగా ఉంటుంది. రేకుల గది మాత్రం అసలు పనికిరాదు. కింది అంతస్తులో ఉత్తరపు గోడకు, గూడు లాంటి చోటికి మార్చగలిగితే సగం సమస్య తీరుతుంది.

బీడీల ఇల్లు (జగిత్యాల), మే 13
నేను పదేండ్లుగా బీడీలు చుడుతున్నాను. ఇంట్లో తంబాకు ఉండడం మాకు అలవాటైన విషయం కనుక ఒక మాట చెబుతాను. తునికాకును మేము తడి గోనెలో చుట్టి మెత్తబరుస్తాం, తంబాకును మాత్రం దానికి చేరువకు కూడా రానివ్వం. రెండింటికీ కావలసిన తేమ వేరు. ఆకు పెళుసైతే చుట్టలేం, తంబాకు తడిస్తే బూజు పట్టి తూకంలో మోసం చేసినట్టు మాట పడవలసి వస్తుంది. అందుకని తంబాకు సంచికి లోపల ప్లాస్టిక్ పొర, బయట గోనె ఉంటుంది, నేల మీద కాకుండా మంచం కోడు ఎత్తున బల్ల మీద ఉంటుంది. మరొక సంగతి ఏమిటంటే, తడి చేతులతో తంబాకు పిసికితే తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉంటుంది. చర్మం గుండా కూడా లోపలికి పోతుందని మా ఆరోగ్య కార్యకర్త చెప్పింది. మీ అమ్మకు సాయం చేసేవారు తడి చేతులతో ఆకు తుంచకుండా ఉంటే మంచిది.

పంటి డాక్టర్ (వరంగల్), మే 14
మొదటి రాతలో కోరిన నిబంధనను గౌరవిస్తూనే నిల్వకు సంబంధించినంత వరకే మాట్లాడుతాను. తాజాదనం, భద్రత ఒకటే అని అనుకోవడం సరికాదు. పొగలేని పొగాకును ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది, వక్కను కూడా 2004లో అదే వర్గంలో చేర్చింది. ఇందులో ప్రధాన పాత్ర వహించే నైట్రోసమైన్లు అనే రసాయనాలు ఆకును ఆరబెట్టేటప్పుడు, పులియబెట్టేటప్పుడే కాక, వెచ్చగా తేమగా నిల్వ ఉన్నప్పుడు కూడా బ్యాక్టీరియా పని వల్ల పెరుగుతాయి. అంటే మాస్టారు చెప్పిన 65 శాతం హద్దు రుచి కోసం మాత్రమే కాదు. ముక్కవాసన వచ్చిన సరుకును ఎండలో ఆరబెట్టి తిరిగి వాడడం మన ఇళ్లలో చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయవద్దు, పారేయండి. సరిగ్గా దాచినంత మాత్రాన అందులోని హాని పోదని కూడా నేను చెప్పక తప్పదు. అమ్మగారు తంబాకు నిలిపే దవడ పక్కన తెల్లటి గరుకు మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి. చేత్తో బుగ్గ లాగి, పగటి వెలుతురులో నెలకు ఒకసారి చూడడం మీరే చేయగలరు.

ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నారా అని ఎవరూ అడగలేదు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో తాత తంబాకు డబ్బీ పిల్లవాడి చేతికి చిక్కిన సందర్భాలు తక్కువేమీ కాదు. చిటికెడు తంబాకు మింగినా చిన్నపిల్లలకు వాంతులు, చొంగ, ఒళ్లు పాలిపోవడం, మత్తు రావచ్చు. వాంతి చేయించడానికి ప్రయత్నించకుండా, ఆ డబ్బీతో సహా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. సున్నం అంతకంటే చెడ్డది. పొట్లం నొక్కితే పగిలి కంట్లో పడుతుంది, క్షారం కంటి నల్లగుడ్డును కాలుస్తుంది. పడిన వెంటనే కంటిలోని ముద్దలను తీస్తూ, కనీసం పావుగంట పాటు మంచి నీళ్లతో కడుగుతూ, ఆ తరువాత కంటి ఆసుపత్రికి పరుగెత్తాలి. నీళ్లు పోయకుండా ముందే బండి తీయడం వల్ల చూపు పోయిన పిల్లలు ఉన్నారు.

ములుగు బాట, మే 14
డాక్టర్ గారి మాటలు విలువైనవే కానీ అడిగినది డబ్బా గురించి. ఇట్లా ప్రతి చర్చా ఆసుపత్రి వైపు పోతే మామూలు మాటలు మాట్లాడేదెక్కడ?

నర్సంపేట కోడలు, మే 14
ములుగు గారూ, ఆయన డబ్బా గురించే మాట్లాడారు. డబ్బా ఏ అరలో ఉండాలన్నది కూడా నిల్వే కదా. మా ఆడబిడ్డ కొడుకు రెండేండ్లవాడు ఒక పండుగ నాడు మా అత్తమ్మ మంచం కిందికి దూరి, చంచి ముడి విప్పి, తంబాకు ముక్కను నోట్లో వేసుకున్నాడు. పావుగంటలో వాడి పెదవులు తెల్లబడ్డాయి, చొంగ ఆగలేదు. దేవుడి దయవల్ల దగ్గరలోనే వైద్యం దొరికింది, మరుసటి రోజుకు లేచి ఆడుకున్నాడు. ఆ నాటి నుంచి చంచి గోడ గూటిలో పైఅరకు ఎక్కింది. అత్తమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు, నెలా పదిహేను రోజులో సరిగ్గా గుర్తు లేదు.

బీడీల ఇల్లు, మే 15
మా ఇంట్లో ఈ భయం రోజూ ఉంటుంది. చెప్పినందుకు కృతజ్ఞతలు.

పసుపు మండీ, మే 15
ఒక మాట చట్టం గురించి. తెలంగాణలో గుట్కా, పొగాకు కలిపిన పాన్ మసాలా తయారీ, నిల్వ, రవాణా, అమ్మకం నిషేధంలో ఉన్నాయి. ఇంట్లో ఏదో పెద్ద సంచి పెట్టుకోవచ్చని ఎవరైనా ఇక్కడి సలహాలను అపార్థం చేసుకోవద్దు. అలాగే పద్దెనిమిదేండ్లు నిండని పిల్లలకు పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టంలో ఉంది. మనవడి చేత తెప్పించుకునే పాత అలవాటును మానుకోవాలి.

నశ్యం గురించి ఎవరూ పెద్దగా రాయలేదు కనుక ఇది కూడా చేరుస్తున్నాను. అది మెత్తటి పొడి కనుక ఆకు కంటే వేగంగా ఎండుతుంది, వాసన కూడా త్వరగా పోతుంది. రెండు డబ్బీలు తెస్తే ఒకదానిని సీల్ విప్పకుండా ఉంచి, విప్పిన దానిని పది రోజుల్లో ముగించేలా చూడండి. ఎండిన నశ్యానికి నీటి చుక్క వేస్తే గడ్డ కడుతుంది, ఇక ముక్కుకు పట్టదు. కర్పూరం, అగరుబత్తుల పక్కన పెట్టవద్దు.

ఓరుగల్లువాసి, ఆగస్టు 3
ఇంతమంది సమయం ఇచ్చారు కనుక ఏం చేశానో చెప్పడం నా బాధ్యత. తంబాకును నెలకు బదులు పదిహేను రోజులకే తెస్తున్నాను, దీనికి తోడు నడక మానుకున్న నా మోకాళ్లకు కూడా పని దొరికింది. తెచ్చిన వెంటనే వారం ఫ్రీజర్‌లో, తరువాత గాజు సీసాలో, కింది గది ఉత్తరపు గోడ గూట్లో. తేమ పరికరాన్ని ఉప్పుతో పరీక్షిస్తే 78 చూపించింది, మూడు తీసివేసి లెక్క వేస్తున్నాను. జూలై మొదటి వారంలో వానలు పట్టినప్పుడు సీసాలో 71 దాకా పోయింది. మాస్టారు గారి మాట గుర్తొచ్చి ఒక ఎండిన పూట మూత తీసి, పలుచని గుడ్డ కప్పి అరగంట ఉంచితే 64కు దిగింది. ఈ రోజు వరకు బూజు లేదు, పురుగు లేదు. అల్యూమినియం డబ్బాలో ఇప్పుడు మేకులు పెట్టుకున్నాం.

డాక్టర్ గారు చెప్పినట్టు అమ్మ బుగ్గ చూడాలంటే మొదట ఒప్పుకోలేదు. టార్చి తెచ్చినందుకు నన్ను తిట్టింది, పగటి వెలుతురులో వాకిట్లో కూర్చోబెట్టి అడిగితే మాత్రం నోరు తెరిచింది. కింది దవడ పక్కన పెసరగింజంత తెల్లటి మచ్చ ఉంది. ఈ సోమవారం చూపించడానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. గూటికి తలుపు బిగించి తాళం వేశాను, నా తమ్ముడి పిల్లలు సెలవులకు వస్తారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్నదాని మీద రెండు రోజులు పంచాయితీ నడిచింది. ప్రస్తుతానికి అది అమ్మ బొడ్లోనే ఉంది.